తెల్లపొగ ఎక్కడిది, నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను సర్వీసు అనుభవాలు నాలుగు చెప్పమన్నారు. నేను సభల్లో మాట్లాడినవాణ్ణి కాదు. ఒక ప్రాజెక్టు వర్క్‌షాపులో లారీలు, టిప్పర్లు బాగుచేస్తూ ఉద్యోగకాలమంతా గడిపాను. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా, పొద్దున టిఫిన్ల దగ్గర మన సభ్యుడొకాయన నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో పెద్ద భాగం పెట్టి కొడుక్కి పాత డీసీఎం కొనిచ్చారట. కొన్నాళ్ళుగా పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ వస్తోందట, రేడియేటర్లో నీళ్ళు తగ్గుతున్నాయట. ఒక మెకానిక్ "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ దించాల్సిందే" అన్నాడు. ఇంకొకాయన "చలికి అట్లనే వస్తది, ఏం గాదు" అన్నాడు. ఎవరి మాట వినాలి అని ఆయన ప్రశ్న.

ఇద్దరి మాటా నిజం కావచ్చు, ఇద్దరిదీ తప్పు కావచ్చు. బండిని చూడకుండా చెప్పిన మాట కనుక రెండూ ఒకటే. ఈ రోజుకు నా ప్రసంగం ఇదే అని అప్పుడే అనుకున్నాను. మనలో టీచర్లున్నారు, రెవెన్యూ వారున్నారు, వైద్యశాఖ వారున్నారు. ఇంజన్ సంగతి మాకెందుకు అనుకోవద్దు. మన ప్రాంతంలో ఇంటికొక ట్రాక్టరో, డీసీఎమ్మో, వాటా లారీయో ఉంటున్నది. గద్వాల నుంచి పత్తి విత్తనాలు, వనపర్తి నుంచి వేరుశనగ, యాసంగి కోతల్లో అన్ని దిక్కుల నుంచీ వడ్లు మోసేవి ఈ బండ్లే. వాటి వెనుక ఉన్న పైసలు చాలాసార్లు మనవే.

మొదట పొగ సంగతి. డీజిల్ ఇంజన్ నల్లపొగ పోస్తే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైందని, నీలిపొగ పోస్తే ఇంజన్ ఆయిల్ మండుతోందని మీలో చాలామంది వినే ఉంటారు. తెల్లపొగ దగ్గరే మనుషులు పొరపాటు పడతారు. ఎందుకంటే తెల్లగా కనిపించేవి రెండు వేరువేరు వస్తువులు. ఒకటి నీటి ఆవిరి. రెండోది మండకుండా బయటపడ్డ డీజిల్ తుంపర. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి.

నీటి ఆవిరి అనగానే రేడియేటర్ నీళ్ళే అనుకోనక్కరలేదు. డీజిల్లో హైడ్రోజన్ ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో మండితే నీరవుతుంది. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా సైలెన్సర్ నుంచి బయటికి పోతుంది. మంచి ఇంజన్లోనూ ఇంతే. ఎండాకాలం అది కనపడదు. పుష్యమాసం చలిలో, సైలెన్సర్ ఇంకా వేడెక్కకముందు, బయటి చల్లగాలి తగలగానే తెల్లగా కనిపిస్తుంది, మన నోటి ఆవిరి కనిపించినట్టే.

శ్రీశైలం పోయేవారు మన్ననూరు చెక్‌పోస్టు చూసే ఉంటారు. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను లోపలికి వదలరు. చలికాలంలో ఆరు గంటలకు గేటు తీసేముందు అక్కడ నిలబడి చూడండి. రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారి స్టార్టవుతాయి. వరుసంతా తెల్లపొగే. ఏ బండికి జబ్బుందో అప్పుడు ఎవరూ చెప్పలేరు. కాసేపు ఆగితే ఒక్కొక్కటే తేటపడుతుంది. ఇంజన్ వేడెక్కి, శ్రీశైలం దిక్కు నాలుగైదు కిలోమీటర్లు నడిచాక కూడా తెల్లగా వదులుతున్న బండి ఏదో, దాని సంగతి చూడాలి.

ఇక ఆవిరా, డీజిలా అని తెలుసుకోవడానికి పెద్ద మిషన్లు అక్కరలేదు. నీటి ఆవిరి సైలెన్సర్ నుంచి కాస్త దూరం పోగానే గాలిలో కలిసి మాయమవుతుంది. మండని డీజిల్ పొగ మాయం కాదు, నేల మీద పాకుతూ ఉంటుంది, కళ్ళు మండుతాయి, ఘాటు వాసన. తెల్లటి పాతగుడ్డ ఒకటి కర్రకు చుట్టి సైలెన్సర్ మూతికి కొద్ది దూరంలో పట్టుకోండి. ఆవిరైతే గుడ్డ ఊరికే తడుస్తుంది. డీజిలైతే జిడ్డు, వాసన రెండూ అంటుకుంటాయి. కూలెంట్ పోసిన బండైతే, ఆ కూలెంట్ మండినప్పుడు ఒక రకమైన తీపి వాసన వస్తుంది. ఒకసారి పసిగడితే మరిచిపోయేది కాదు. అట్లాగని సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి పీల్చవద్దు, దూరం నుంచే తెలుస్తుంది.

మండని డీజిల్ అని తేలితే సగం భయం పోయినట్టే. నాజిల్ సరిగా చిమ్మక కారుతుండవచ్చు, పంపు టైమింగ్ వెనక్కి జరిగి ఉండవచ్చు, డీజిల్ లైన్లో గాలి చేరి ఉండవచ్చు, డీజిల్లోనే నీళ్ళు కలిసి ఉండవచ్చు. బోరు అరిగి కంప్రెషన్ తగ్గినా, చల్లగా ఉన్నప్పుడు డీజిల్ అంటుకోదు. పాత ఇంజన్లలో మేము ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి, ఏ సిలిండర్ ఆపితే పొగ తగ్గుతుందో చూసేవాళ్ళం. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఈ పని ఎవరూ చేయకూడదు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటి ఉంటుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత మేస్త్రీలు అలవాటు కొద్దీ స్పానర్ పట్టుకుంటారు. వద్దని చెప్పండి.

ఇక నీళ్ళు. రేడియేటర్లో నీళ్ళు తగ్గుతున్నాయంటే వాటికి మూడే దారులు. బయటికి కారాలి, సిలిండర్లోకి పోవాలి, లేదా ఇంజన్ ఆయిల్లోకి పోవాలి. ముందు బయటిదారి చూడకుండా హెడ్ దించినవాణ్ణి మెకానిక్ అనను.

బయటికి కారడమంటే కిందపడిన చుక్కే కనిపించాలని లేదు. ఇంజన్ వేడిమీద ఉన్నప్పుడు చుక్క పడకముందే ఆరిపోతుంది. కానీ మచ్చ మిగులుతుంది. మన దగ్గర బోరునీళ్ళు ఉప్పునీళ్ళు. రాత్రి బిందెలో పోసి పెడితే తెల్లారేసరికి అంచుకు సున్నపు చార పడే నీళ్ళు. అవే రేడియేటర్లో పోస్తాం. అందుకని కారిన చోటల్లా తెల్లని సున్నం చార ఉంటుంది. కూలెంట్ పోసి ఉంటే ఆకుపచ్చో, ఎరుపో మరక ఉంటుంది. టార్చిలైటు పట్టుకుని హోసు పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ పై తొట్టికీ గొట్టాలకూ అతుకు దగ్గర, బ్లాకుకు పక్కన గుండ్రటి రేకు మూతలు ఉంటాయి వాటి చుట్టూ, డ్రెయిన్ కాక్ దగ్గర చూడాలి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటుంటుంది. కొందరు అది పగులు అనుకుని ఎం-సీల్ పెట్టి మూసేస్తారు. అది లోపలి సీలు పోయినప్పుడు నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి కావాలని పెట్టిన రంధ్రం. అక్కడ మరక ఉంటే పంపు సీలు మార్చాలి, రంధ్రం మూయడం కాదు.

రేడియేటర్ మూత గురించి ఒక మాట. అది ఊరికే మూత కాదు, లోపల స్ప్రింగు ఉంటుంది. లోపల ఒత్తిడి నిలబెడుతుంది కనుక నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతాయి. చదరపు అంగుళానికి ఏడు పౌన్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే మామూలు నీళ్ళు కూడా 110 డిగ్రీలు దాటేదాకా మరగవు. మూత రబ్బరు చచ్చిపోతే నీళ్ళు ముందే మరిగి ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పోతాయి. ఇంజన్లో ఏ జబ్బూ ఉండదు, నీళ్ళు మాత్రం రోజూ తగ్గుతాయి. మూత మారిస్తే తీరే జబ్బుకు ఇంజన్ విప్పించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అదే మూత వేడిమీద తెరిస్తే, ఒత్తిడి ఒక్కసారి పోయి లోపలి నీళ్ళు అప్పటికప్పుడు ఆవిరై మొహం మీదికి వస్తాయి. మా వర్క్‌షాపులో ఒక క్లీనర్ కుర్రాడికి మెడ, భుజం కాలి రెండు నెలలు మంచం పట్టాడు. గోనెసంచి తడిపి మూత మీద వేసి తిప్పితే ఏం కాదని అతనికి ఎవరో పెద్దవాళ్ళే చెప్పారు. చెయ్యి పెడితే రేడియేటర్ చల్లగా తగలాలి. అంతవరకు మూత జోలికి పోవద్దు. మరిగిపోయిన ఇంజన్ మీద చన్నీళ్ళు గుమ్మరించడం కూడా ఇంతే, అప్పటిదాకా బాగున్న హెడ్ అప్పుడు చీలుతుంది.

ఇప్పుడు లోపలి దారి. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఇది నేను ఏ సభలోనూ చెప్పలేదు.

అప్పటికి నాకు సర్వీసు పదేళ్ళు నిండలేదు. పని బాగా వచ్చని నాకు నమ్మకం. ఒక టిప్పర్ డ్రైవరు వచ్చి, "సారూ, పొద్దుగాల స్టార్ట్ చేస్తే తెల్లగ పొగొస్తున్నది. దినాం రెండు చెంబుల నీళ్ళు పడుతున్నయి. కింద సుక్క పడ్డ జాడ లేదు" అన్నాడు. ఆయన నాకంటే వయసులో పెద్దవాడు. బండి మధ్యాహ్నం ట్రిప్పులు దిగి నా దగ్గరికి వచ్చింది. ఇంజన్ బాగా వేడిమీద ఉంది. రేస్ చేసి చూశాను, పొగ లేదు. ఆయిల్ గేజీ తీశాను, ఆయిల్ శుభ్రంగా ఉంది. వనపర్తి రాజావారి కోటలో నడిచే పాలిటెక్నిక్ నుంచి అప్రెంటిస్‌గా వచ్చిన కుర్రాడొకడు నా పక్కన ఉన్నాడు. "సార్, రాత్రికి ఇక్కడే ఉంచుకుని పొద్దున చల్లగున్నప్పుడు చూద్దామా?" అన్నాడు. "నాకు నేర్పుతున్నావా?" అన్నాను. బండి ఆపితే ట్రిప్పులు పోతాయని పైనుంచి ఒత్తిడి కూడా ఉండేది, కానీ ఆ రోజు నన్ను ఎవరూ తొందర పెట్టలేదు. జాబ్ కార్డు మీద "లోపం లేదు. డ్రైవరు నీళ్ళు సరిగా చూసుకోవడం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

నాలుగో రోజు పొద్దున ఆ డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు. విప్పితే ఒక కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది.

ఏం జరిగిందో చెబుతాను. హెడ్‌లో రెండు వాల్వు సీట్ల మధ్య వెంట్రుకంత చీలిక. బండి నడిచేటప్పుడు సిలిండర్లో మంట ఒత్తిడి నీళ్ళ ఒత్తిడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, ఆ చీలికలోంచి గ్యాసే నీళ్ళలోకి పోతుంది. నీళ్ళు లోపలికి రావడం తక్కువ. వచ్చిన కొంచెం కూడా వేడికి ఆవిరై ఎక్కడా కనపడకుండా పోతుంది. సాయంత్రం ఇంజన్ ఆపుతాం. సిలిండర్లో ఒత్తిడి పోతుంది, రేడియేటర్లో మాత్రం వేడికి ఒత్తిడి అలాగే ఉంటుంది. ఇప్పుడు దారి తిరగబడుతుంది. నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి, రాత్రంతా పిస్టన్ మీద నిలుస్తాయి. తెల్లారి మొదటి రెండు నిమిషాలు ఆ నీళ్ళే తెల్లపొగ. మధ్యాహ్నం చూసినవాడికి ఏమీ కనపడదు. నాకు అందుకే కనపడలేదు.

నీళ్ళు ఎన్ని ఉంటే రాడ్ వంగుతుంది? మన రోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరిగిన టాటా 697 ఇంజన్ లెక్క తీసుకోండి. ఆ పేరులోనే ఉంది, ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. మొత్తం 5,675 సీసీలు, అంటే సిలిండర్‌కు సుమారు 946. కంప్రెషన్ 17కు 1 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 60 సీసీలు. హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసు కూడా పట్టదు. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. ఆ 60 సీసీలకు మించి నీళ్ళుంటే పిస్టన్‌కు పోవడానికి దారి లేదు, సెల్ఫ్ మోటారు తోస్తూనే ఉంటుంది, మధ్యలో ఉన్న రాడ్ వంగుతుంది.

విచారణ జరిగింది. నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఈ జాబ్ కార్డు మీద సంతకం నీదేనా?" నాదే అన్నాను. చీలిక సంగతి అప్పటికి నాకు తెలుసు. లేత్ షాపుకు పంపిన హెడ్‌ను నా చేతులతోనే పట్టుకుని చూశాను. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ డ్రైవరుకు ఒక ఇంక్రిమెంటు ఆపారు, అదీ క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో. ఇక్కడున్న వారికి దాని అర్థం నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ఒక్క ఇంక్రిమెంటు ఆయన ఆఖరి జీతంలో తగ్గింది, ఆ తగ్గిన జీతం మీదనే పెన్షన్ కట్టారు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆయన నా సంతకానికి కొంత చెల్లిస్తున్నాడు. కొన్ని నెలల తర్వాత నేను ఒక కాగితం రాసి పెట్టాను, హెడ్ చీలి ఉందని, డ్రైవరు ముందే చెప్పాడని. ఫైలు మూసేశామన్నారు. మొదటి రోజు చెప్పి ఉంటే మూసేవారు కాదు.

రిటైరయ్యాక ఒకసారి సబ్ ట్రెజరీ దగ్గర లైఫ్ సర్టిఫికెట్ల వరుసలో ఆయనే నా ముందు నిలబడి ఉన్నాడు. గుర్తుపట్టి నవ్వాడు. "బాగున్నవా సారూ" అని, కాసేపాగి, "ఒక్కపారి పొద్దుగాల సూస్తే అయిపోవు గద" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేనేమన్నానో నాకు గుర్తులేదు.

అందుకని ఇప్పుడు ఎవరు తెల్లపొగ అన్నా నేను అడిగే మొదటి మాట, బండి ఎప్పుడు ఆపారు అని. రాత్రంతా ఆగిన ఇంజన్, సెల్ఫ్ కొట్టక ముందు, అప్పుడే చూడాలి. మూత తీసి నీళ్ళు ఎంత తగ్గాయో చూడాలి. ఆయిల్ గేజీ తీయాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారినా, పోయకుండానే లెవెల్ పెరిగినా నీళ్ళు చాంబర్లోకి దిగుతున్నట్టు. అనుమానముంటే చాంబర్ కింది నట్టు కొంచెం వదులు చేయండి. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, రాత్రంతా అడుక్కి చేరి ఉంటాయి, ముందు నీళ్ళే వస్తాయి. ఆయిల్ పోసే మూత లోపల కొద్దిగా మీగడలాంటిది కనిపించినంత మాత్రాన గుండె జారనక్కరలేదు. చలికాలంలో ఊళ్ళోనే నాలుగడుగులు తిరిగే బండికి ఆవిరి పట్టి అలా ఉంటుంది.

రాత్రికి రాత్రే నీళ్ళు గ్లాసెడు తగ్గి, బయట ఎక్కడా మరక లేకపోతే సెల్ఫ్ కొట్టవద్దు. నాజిళ్ళు విప్పించి, క్రాంకు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పించండి. ఏ సిలిండర్లో నీళ్ళుంటే ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి. వెతకవలసిన చోటు దానంతట అదే తెలుస్తుంది. దీనికి ముందు రోజు సాయంత్రమే రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు గేజీ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి కొట్టి ఉంచితే ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. తెల్లారేసరికి ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే. ఆ చేతిపంపు గేజీ ఖరీదైన వస్తువు కాదు, కానీ మన దిక్కు చాలా షెడ్లలో ఉండదు. అడిగితే "మా కళ్ళే గేజీ" అంటారు. నా కళ్ళు కూడా ఒకప్పుడు గేజీలే.

ఇంజన్ సులువుగా తిరిగింది, నీళ్ళు చిమ్మలేదు అనుకోండి. అప్పుడు నాజిళ్ళు బిగించి బుడగల పరీక్ష చేయాలి. ఫ్యాన్ బెల్టు తీసేస్తే వాటర్ పంపు నీళ్ళను కలియబెట్టదు. రేడియేటర్ నిండా నీళ్ళు పోసి, మూత తెరిచే ఉంచి, చల్లటి ఇంజన్‌ను ఒక్క నిమిషం నడపండి, అంతకు మించి వద్దు. బుడగలు వరుసగా వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తున్నట్టు. బెల్టుతో నడిపినప్పుడు ఇంకో గుర్తుంది. ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పై హోసు రాయిలా గట్టిపడితే అదీ అదే.

అయితే లారీల్లో ఇక్కడొక మోసం ఉంది. బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసర్‌కు చాలా ఇంజన్లలో నీళ్ళ గొట్టాలు కూడా పోతాయి. దాని హెడ్ ప్యాకింగ్ పోతే కంప్రెసర్ గాలే రేడియేటర్లో బుడగలుగా వస్తుంది. నీళ్ళు ఓవర్‌ఫ్లో నుంచి తన్నుకుపోతాయి. పాపం, ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ మీద నింద పడుతుంది. ట్యాంకుల్లో గాలి నిండి అన్‌లోడర్ కొట్టాక బుడగలు తగ్గితే ముందు కంప్రెసర్‌ను అనుమానించండి. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక వడ్ల లారీకి రెండుసార్లు ఇంజన్ హెడ్ దించి, ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేశారు. మూడోసారి ఎవరో పెద్దాయన కంప్రెసర్ నీళ్ళ గొట్టాలు విప్పి పక్కకు కట్టి చూస్తే బుడగలు ఆగిపోయాయి. పోయింది అరచేయంత ప్యాకింగ్.

ఇప్పటి బండ్ల గురించి రెండు మాటలు. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక, చాలా ఇంజన్లలో ఈజీఆర్ కూలర్ అని ఒకటి చేరింది. పొగలో కొంత భాగాన్ని నీళ్ళతో చల్లార్చి తిరిగి ఇంజన్లోకి పంపే డబ్బా. అందులో గొట్టం పగిలితే నీళ్ళు నేరుగా పొగదారిలోకి పోతాయి. తెల్లపొగ, నీళ్ళు తగ్గడం, బయట మరక లేకపోవడం, ఆయిల్ శుభ్రంగా ఉండడం, అన్నీ హెడ్ గ్యాస్కెట్ గుర్తులే. దాన్ని విడిగా విప్పి పరీక్షించకుండా హెడ్ దించవద్దని చెప్పండి. బీఎస్-6 బండికి సైలెన్సర్లో మసిని పట్టే ఫిల్టరు కూడా ఉంటుంది. ఆ మసిని బండి తనంతట తాను కాల్చుకునేటప్పుడు కాసేపు తెల్లగా రావచ్చు. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుందేమో చూస్తే తెలుస్తుంది.

వెట్ లైనర్ ఉన్న ఇంజన్లకు, ట్రాక్టర్లలో ఇవి ఎక్కువ, ఇంకో జబ్బు ఉంది. డీజిల్ మండిన ప్రతి దెబ్బకు లైనర్ గంటలాగా అదురుతుంది. ఆ అదురుకు బయటి వైపు నీళ్ళలో సన్నని బుడగలు పుట్టి పగులుతాయి. పగిలిన ప్రతిసారీ ఇనుమును గిల్లుతాయి. కొన్నేళ్ళకు సూది మొనంత రంధ్రం లోపలిదాకా పడుతుంది. కూలెంట్లో ఉండే మందులు లైనర్ మీద పొరగా ఏర్పడి దీన్ని ఆపుతాయి. "మన దగ్గర మంచు పడదు, కూలెంట్ ఎందుకు" అని మా డ్రైవర్లు అనేవాళ్ళు. మంచు కోసం కాదు. తుప్పు పట్టకుండా, సున్నం గడ్డకట్టకుండా, ఈ గిల్లుడు లేకుండా, నీళ్ళు త్వరగా మరగకుండా. శుద్ధి చేసిన నీళ్ళలో, కంపెనీ చెప్పిన పాళ్ళలో కలపాలి, బోరునీళ్ళలో కాదు. ఒక జాగ్రత్త ఉంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. తీసిన కూలెంట్‌ను మూకుట్లో వదిలేస్తే కుక్కలు తాగుతాయి, చిన్నపిల్లలు ముట్టుకుంటారు. ఇంట్లో మనవళ్ళు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఇక పసుపు. మన డ్రైవర్లు రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేస్తారు. నేనూ వేశాను, అబద్ధం చెప్పను. అడవిదారిలో సన్నచిల్లు పడితే పసుపు ఉబ్బి ఊరు చేరేదాకా ఆపుతుంది. ఊరు చేరాక ఎవరూ దాన్ని కడగరు, అక్కడే తప్పు. అది రేడియేటర్ గొట్టాల్లో గడ్డకట్టి, అసలే సున్నం పట్టిన దారిని మూస్తుంది, నెల తిరగకముందే ఇంజన్ మరుగుతుంది. బజారులో దొరికే పొడులు, మందులు కూడా చాలావరకు పసుపు తమ్ముళ్ళే.

టైము అయిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. పొద్దున నన్ను అడిగిన సభ్యుడు కుమారుడికి ఫోన్ చేసి బండి తెప్పిస్తానన్నారు. నడిపించుకుని రావద్దన్నాను. నిన్న సాయంత్రం ఎక్కడ ఆపారో అక్కడే ఉండనివ్వమన్నాను. అది పక్క వీధిలోనే, వాళ్ళ బంధువుల ఇంటి ముందు వేపచెట్టు కింద ఉందట. నిన్న దీపాలవేళ నుంచి ఎవరూ తాళంచెవి తిప్పలేదు. భోజనాలయ్యాక నేను అక్కడికి వెళ్తున్నాను. వాళ్ళబ్బాయి దగ్గర 19 నంబరు స్పానర్ ఉందో లేదో తెలియదు, ఎవరి బండిలోనైనా టూల్ కిట్ ఉంటే తీసుకురండి. తెల్లగుడ్డ నా సంచిలో ఉంది.